బేస్ ఆగిన చోట

నోటితో క్షమించి చేత్తో పగ తీర్చుకున్నవాణ్ణి దేవుడు ఏ వైపు నిలబెడతాడు? టిబ్స్ గుర్తొచ్చినప్పుడల్లా, ఏళ్ల తరబడి ఇదే సందేహం.

కాన్సాస్ సిటీ జాజ్ బృందాల్లో, నిలబెట్టి వాయించే పెద్ద తీగల వాద్యం బేస్‌ను టిబ్స్ అంత నిలకడగా వాయించినవాడు లేడు. పందొమ్మిది వందల ముప్ఫై ఏడులో, పియానో వాయించే కార్డెల్ నడిపే బృందంతో ఊరూరా తిరిగేవాడు. బస్సులో కూర్చుని ఒక పాట కట్టాడు. కార్డెల్ దాన్ని తన పేరుతో రికార్డు చేశాడు. ఇదేం న్యాయమని అడిగినందుకు, చీకటి పడ్డాక టిబ్స్ లాంటి నల్లవాళ్లు కనబడితే ప్రాణాలతో వదలని ఓక్లహోమా ఊరొకదాని దగ్గర బస్సు ఆపించాడు.

"దిగు నాయనా. బేస్ వినడానికి ఎవడూ టికెట్టు కొనడు."

మనిషంత బేస్‌ను వీపున మోసుకుని టిబ్స్ ఆ రాత్రి పదకొండు మైళ్లు నడిచాడు.

ఇరవై ఏళ్ల తర్వాత కార్డెల్ మళ్లీ ఊళ్లోకి వచ్చాడు. పేరు మాసిపోయింది. ఒక్క కచేరీ బాగా జరిగితే ఏడాది పొడవునా వాయించనిస్తానని హాలు యజమాని మాటిచ్చాడు. కార్డెల్ భార్య లవీనియా టిబ్స్ ఇంటికొచ్చి, తలుపు వేసుకుని గంటసేపు మాట్లాడింది. వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగింది.

"నువ్వు తప్ప ఇంకెవరూ వద్దంటున్నాడన్నా. పాతది మనసులో పెట్టుకోకు."

"ఎప్పుడో క్షమించేశానమ్మా" అన్నాడు టిబ్స్.

శనివారం హాలు నిండింది. కార్డెల్ బృందానికి వీపు పెట్టి, బూట్లు విప్పి పియానో ముందు కూర్చున్నాడు. టిబ్స్‌ను తను కూర్చున్న బల్లకు ఆనుకునేంత దగ్గర నిలబెట్టుకున్నాడు.

"ఒళ్లో కూర్చోబెట్టుకో గురూ" అన్నాడు ట్రంపెట్ వాడు. జనం నవ్వారు. మొదటి రెండు పాటలకూ చప్పట్లు ఆగలేదు.

మూడోది టిబ్స్ కట్టిన పాట. కార్డెల్ చేతులు ఒళ్లో పెట్టుకుని శాక్సాఫోన్‌కు వంతు ఇచ్చాడు. అది సగంలో ఉండగా టిబ్స్ తీగల మీంచి చెయ్యి తీసేశాడు.

కార్డెల్ లేచాడు. వెనక బృందం వాయిస్తూనే ఉంది. ఆయన మాత్రం చిరునవ్వుతో జనానికి వంగి వంగి దండాలు పెట్టాడు.

తప్పతాగి వచ్చాడని ఎవరో అన్నారు. హాలంతా గొల్లున నవ్వింది. యజమాని టోపీ పెట్టుకుని బయటికి నడిచాడు.

టిబ్స్ బేస్‌ను సంచిలోకి దించి, లవీనియా పక్కనుంచి వెళుతూ, ఓక్లహోమా బాకీ తీరిందని మెల్లగా చెప్పాడు.

కార్డెల్‌కు రెండు చెవులూ పోయి మూడేళ్లయిందనీ, అరికాళ్లకు బేస్ అదురు తగిలినంతసేపే ఆయనకు పాట ఉన్నట్టనీ ఆ హాల్లో కార్డెల్‌కు కాక లవీనియాకూ, ఆమె నోట విన్న టిబ్స్‌కూ తప్ప ఎవరికీ తెలియదు.