రెండ్రోజుల సెలవు

"ఇప్పుడు మీరు మామూలు లెక్చరర్, ఈ మేడం మీ హెడ్డు. సెలవు అడగండి సార్," అంటూ శిక్షణ ఇవ్వడానికొచ్చిన దీక్షిత్ ఒక చీటీ అందించాడు.

పదేళ్ళుగా డిపార్ట్‌మెంట్ హెడ్డుగా ఉన్న రాజారావు నవ్వుతూ లేచాడు. శామీర్‌పేట కాలేజీ హాల్లో లెక్చరర్లంతా కుర్చీలు ముందుకు జరుపుకున్నారు.

ఆయన కింద పనిచేసే పద్మలత టేబుల్ వెనక కూర్చుంది.

"మేడం, మా నాన్నగారికి సీరియస్‌గా ఉంది. రెండ్రోజులు సెలవు కావాలి," చీటీలో ఉన్నది చదివాడు.

పద్మలత ఫైల్లోంచి తలెత్తలేదు. కూర్చోమనలేదు.

"మొన్నేగా వెళ్ళొచ్చారు? పరీక్షలయ్యాక వెళ్ళండి. ఈలోగా కొంపలేం మునిగిపోవు."

అచ్చం ఆయన గొంతే. హాలంతా ఘొల్లున నవ్వింది. రాజారావు మొహంలో నవ్వు ఆగిపోయింది. పోయిన మార్చిలో ఆమె తన గదిలో నిలబడి ఇలాగే సెలవు అడిగినప్పుడు తను అన్న మాటలవి.

"బాగుంది! ఇప్పుడు మంచి హెడ్డు అయితే ఏమంటారో చెప్పండి మేడం," అన్నాడు దీక్షిత్.

పద్మలత చీటీ తీసుకుని సంతకం పెట్టింది. తిరిగి ఇస్తూ మొదటిసారి ఆయన కళ్ళలోకి చూసింది.

"జల్దీ పోండి సార్. పన్నెండు గంటల కీసర బస్సు పోతే ఆఖరి చూపు దొరకది. నాకు దొరకలే."