మిగిలిన ఎరుపు

"ఇది మా శాలువా కాదు," అంది పెద్దావిడ.

మ్యూజియం వరండాలో బల్ల మీద పరిచిన శాలువా మట్టిరంగులో ఉంది. దాని మీద ఏటవాలుగా ఎండ పడుతుంటే దీపాలాయన ప్రాణం గిలగిల్లాడింది. కనీసం తన నీడైనా పడనీ అని అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు. అద్దాలపెట్టెల్లో వస్తువులకు లైట్లు అమర్చడం ఆయన ఉద్యోగం. అందుకని ఆ పేరే స్థిరపడిపోయింది.

"మీదేనమ్మా. మూడు నెలల క్రితం ప్రదర్శనకు మీరిచ్చిందే," అన్నాడు.

"నిక్షేపంలాంటి ఎర్ర శాలువా ఇస్తే, ఈ గోనెగుడ్డ పట్టుకుపొమ్మంటావా నాయనా?"

"అది ఎర్రగా ఉండటం మీరెక్కడ చూశారమ్మా?"

"ఎక్కడేమిటి, ఇక్కడే! అద్దాలపెట్టెలో దానిమ్మగింజలా మెరిసిపోతుంటే మా చెల్లెలు కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుంది."

చెల్లెలు తలూపింది. "ఇంట్లో మా అమ్మ దాన్ని విప్పనిచ్చేది కాదు బాబూ. చీకటి గదిలో, పెట్టెలో, మడతల మీద చూడటమే. మొత్తం విప్పి చూసింది ఇక్కడే."

దీపాలాయనకు సంగతి అర్థమైంది. ఆ మెరుపు తన చేతి చలవే. మూడు వారాలు ఆ పెట్టె ముందు కూర్చుని, ఒక్కో ఎల్‌ఈడీని గోరంత పెంచుతూ, గోరంత తగ్గిస్తూ సాధించాడు. వేడి తగలకూడదు. వెలుతురు పడకగది దీపానికి మించకూడదు. అయినా చూసినవాళ్ళు ఆహా అనాలి. అందరూ ఆహా అన్నారు. ఇప్పుడు ఆ ఆహాలే కొంప ముంచాయి.

"అదంతా నా లైట్ల పనితనమమ్మా. బయట వెలుగులో ఇలాగే ఉంటుంది."

"లైటు వేస్తే గోనె పట్టవుతుందా?"

"కాదమ్మా. లేని రంగును నా లైటు పుట్టించలేదు. దారంలో ఎక్కడో కాస్త ఎరుపు మిగిలుంటే దాన్ని పైకి తెస్తుంది, అంతే."

"చెప్పడానికి బాగానే ఉంది," అంది పెద్దావిడ.

ఆయన పరుగున వెళ్ళి శాలువా తీసుకున్ననాటి కాగితం తెచ్చాడు. 'ఎర్ర శాలువా, బాగా వెలిసినది' అని ఉంది. చెల్లెలు మొదటి రెండు మాటల మీద వేలు పెట్టి అక్కడే ఆపేసింది. ఫొటోలు తెచ్చాడు. అన్నీ తన లైట్ల కింద తీసినవే. ఒకదాన్ని మించి ఒకటి ఎర్రగా ఉన్నాయి. తెచ్చిన ప్రతి సాక్ష్యమూ ఆయన మెడకే చుట్టుకుంది.

ఈలోగా చుట్టూ జనం పోగయ్యారు. రోజూ ఆయనతో కలిసి టీ తాగే గేటు కాపలావాడు కూడా వచ్చి నిలబడ్డాడు, కానీ ఆయన వంక చూడలేదు. ఇరవై రెండేళ్ళుగా ఒక్క మాట పడని మనిషికి నలుగురిలో నిలబడటం ఎంత కష్టమో ఆ క్షణాన తెలిసింది. ఏడుపొక్కటే తక్కువ.

అంతలో క్యూరేటర్ వచ్చారు. విషయం విని చిరునవ్వు నవ్వారు. "ఆయన చెప్పింది అక్షరాలా నిజమమ్మా. ఆ చేతిలో మహత్తు అలాంటిది. అంతా లైట్ల మాయ. సంతకం పెట్టి తీసుకెళ్ళండి."

దీపాలాయనకు పోయిన ప్రాణం లేచొచ్చింది. వెళ్ళి ఆయన కాళ్ళ మీద పడదామనిపించింది.

"అయితే మళ్ళీ ఆ లైటు కిందే పెట్టి చూపించండి," అంది పెద్దావిడ. "ఎర్రగా కనిపిస్తే నోరు మూసుకుని పట్టుకుపోతాం."

"ఇప్పుడెందుకమ్మా ఆ శ్రమంతా?" అన్నారు క్యూరేటర్. "పాత బట్ట మీద మాటిమాటికీ లైటు పడకూడదు కూడాను. నువ్వే చెబుతుంటావుగదయ్యా?"

నిజమే, అది తన మాటే. కానీ ఇవాళ పోతున్నది తన పరువు.

"ఒక్క నిమిషం సార్. నిమిషానికేం కాదు," అన్నాడు. క్యూరేటర్‌కు ఎదురు చెప్పడం ఆయనకు అదే మొదలు.

అందరూ ప్రదర్శన గదిలోకి నడిచారు. తెరలు దించాడు. శాలువాను పసిబిడ్డను పడుకోబెట్టినట్టు ఏటవాలు పలక మీద పరిచాడు. స్విచ్చి నొక్కి, "కళ్ళు అలవాటు పడనివ్వండి," అన్నాడు.

కళ్ళు అలవాటు పడ్డాయి. చెల్లెలి చేతిసంచి అంచున ఉన్న ఎర్ర దారం నిప్పులా వెలిగింది. శాలువా మాత్రం మట్టిరంగులోనే ఉంది.

ఎరుపు గోరంత పెంచాడు. ఇంకొంచెం పెంచాడు. సంచి అంచు మండిపోతోంది. శాలువా ఉలకదు, పలకదు. భూతద్దం తీసి దారం దారం వెతికాడు. మధ్యలో చూశాడు, అంచుల్లో చూశాడు, తిరగేసి చూశాడు. చివరికి తలెత్తినప్పుడు ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఇందులో ఎరుపన్నదే లేదు సార్," అన్నాడు. "వీళ్ళు చెప్పిందే నిజం. శాలువాను ఎవరో మార్చేశారు."

"ఎవరో ఏమిటయ్యా?" అన్నారు క్యూరేటర్, అదే చిరునవ్వుతో, అందరికీ వినపడేలా. "ఆ శాలువాను ముట్టుకునేది ఈ మ్యూజియం మొత్తానికి నువ్వొక్కడివేగా!"