మూడద్దాల మూల

"కొట్టు మూసేసినాం. గోల్‌బజారుకెల్లండి" అన్నాడు సుబ్బరాయుడు, లోపల తమ్ముడి భార్య కూర్చుని ఉండగానే.

బెంగాలీ ఊళ్ళో తెలుగువాళ్ళ పేట ఝపటాపూర్. అక్కడి ఆ అద్దాల కొట్టు చిలకమ్మ భర్తది. ఆయన పోయాక ఆమే అద్దాలు కోస్తోంది. ఆడది గాజు కోస్తే ఇంటికి అప్రతిష్ఠని బావగారు సుబ్బరాయుడి పట్టు. రోజూ అరుగు మీద కూర్చుని, వచ్చినవాళ్ళని వచ్చినట్టే తిప్పి పంపుతున్నాడు.

ఈసారి వచ్చినావిడ కదల్లేదు. నలిగిన నూలు చీర, వేళ్ళ మీద పాత గాజు గాట్లు.

"తెరిచే ఉందిగా! అక్కా, మూడద్దాలు కావాలి. మూడూ కలిపితే గది మూలలా నిలవాలి. మూలమట్టం వెంట్రుకవాసి తప్పకూడదు."

"ఆడకూతురికి సేతనవుద్దేటి? నేను కోయిస్తాను" అన్నాడు సుబ్బరాయుడు.

"ఆవిడే కొయ్యాలి."

చిలకమ్మ కోసింది. మొదటిది వంకర పోయింది. బావగారు పకపకా నవ్వాడు. ఆమె ఆ ముక్క పక్కన పడేసింది.

"ఇంకోటి కొయ్యక్కా. నా చేతిలోనూ ఎన్నో పాడయ్యాయి."

సాయంత్రం దాకా అక్కడే కూర్చుంది ఆవిడ. చివరికి మూడద్దాలూ మూలలా కలిశాయి. చిలకమ్మ తొంగి చూసింది. ఎటు జరిగినా మూలలో తన కన్నే!

"ఇదేటమ్మా, నన్నొగ్గదు!"

"వదలదు. వచ్చిన వెలుగుని వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది."

"నువ్వేటి సేస్తావు తల్లీ?"

"నాదీ అద్దాల పనే. మగాళ్ళ మధ్య ఒక్కదాన్నే. వాళ్ళూ ఇలాగే నవ్వారు. నేను లేచి రాలేదు."

ఏ కార్ఖానాలోనో కూలి అనుకుంది చిలకమ్మ. మనసు కరిగింది.

"ఆళ్ళు పని మాన్పిస్తే నా కాడికొచ్చీ. ఇద్దరం కలిసి కోసుకుందాం."

"తప్పకుండా అక్కా" అంది ఆవిడ. హిజ్లీ కాలేజీలో దిగానని చెప్పి, అద్దాలు తీసుకుని వెళ్ళింది.

మర్నాడు సుబ్బరాయుడు తాళం పట్టుకొచ్చాడు. చిలకమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఎయ్యండి బావా. నన్ను లోపలెట్టి మరీ ఎయ్యండి. నేను మాత్రం బయటికి రాను!"

వీధి వీధంతా చూస్తోంది. ఎదురుగా ఉన్న మిఠాయి కొట్టు బెంగాలీ పెద్దాయన చేతులు కట్టుకుని వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. సుబ్బరాయుడు తాళం జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఈ మాట ముందు ఆవిడకే చెప్పాలని చిలకమ్మ రిక్షా ఎక్కి హిజ్లీ వెళ్ళింది. గేటు దగ్గర కాపలా ఉన్న తిమోతి తెలుగువాడే.

"నూలు సీర కట్టుకుని, అద్దాల పని సేసే మనిషి... ఉన్నాదా బాబూ?"

"పిల్లలకి మూడద్దాలు సూపించి పాఠం సెప్పేసి, మద్దేన్నం బండికెల్లిపోనారమ్మా."

"అయ్యో, పేరైనా అడగనేదు. మా కొట్లోనే పని ఇస్తానన్నాను పాపం."

తిమోతి ఆమె వంక వింతగా చూశాడు.

"పోయినేడు చందమామ మీద దిగినోళ్ళు అద్దాలెట్టొచ్చినారు కదమ్మా, భూమ్మీంచి లేజరు వెలుగు కొడితే తిప్పి పంపి దూరం తేల్చేవి... అయ్యి ఎలాగుండాలో గీసి ఇచ్చినోళ్ళలో ఆవిడొకరు."