కోడలి రోడ్డు

తనిఖీ అధికారి మగ్గుతో నీళ్లు తెచ్చి పరీక్ష రోడ్డు మీద పోశాడు. ఎడమ వరసలో మామూలు తారు మొసలి చర్మంలా నెర్రెలిచ్చి ఉంది. నీళ్లను గుటుక్కున మింగేసింది. కుడి వరస మీద పోసిన నీళ్లు మాత్రం చుక్క కూడా ఇంకలేదు. వాటిలో ఓ ఆకాశం ముక్క నిలబడింది.

ఆయన మోకాళ్ల మీద వంగి వేళ్లతో తడిమాడు. సన్నని గీత కూడా తగల్లేదు.

“ఏం కలిపావమ్మా ఇందులో?”

“పాలిమర్ సార్. తారులో కలిసిపోయి, సాగే వలలా రాళ్లను పట్టుకుంటుంది. చలికి చిట్లదు, ఎండకు కుంగదు,” అంది ఇంజనీరు.

“రెండిటి మీదా తిరిగింది ఒకే లారీయా?”

“ఒకే లారీ, ఒకే బరువు సార్.”

ఆయన ఇంకా ఆ నీళ్లనే చూస్తున్నాడు. ఈరోజు ఆయన ఒప్పుకుంటే కొండదారంతా ఆమె తారుతోనే వేస్తారు. కాదంటే ఆమె ఏళ్ల శ్రమ ఇక్కడితో సరి.

అప్పుడే కుడి వరస మీంచి రాళ్ల లారీ వచ్చి ఆగింది. ముసలి డ్రైవర్ దిగాడు.

“గానుగెద్దుకైనా ఓ పూట సెలవుంటుందమ్మాయ్. నీ దగ్గర నాకదీ లేదు.”

“ముందు మంచినీళ్లు తాగండి మామయ్యా.”

అధికారి చటుక్కున లేచాడు. “మామయ్యా?”

“మా మామగారే సార్. ఈ తిరుగుడు పనికి ఇంకెవరూ రాలేదు.”

“భేషుగ్గా ఉంది! రోడ్డు కోడలిది, లారీ మామగారిది. ఇక పగుళ్లెందుకొస్తాయి?”

ఆమె ముఖం చిన్నబోయింది. “మీరే చెప్పండి మామయ్యా. రెండు వరసల మీదా ఒకే బరువుతో తోలారు కదూ?”

డ్రైవర్ చెప్పుల వైపు చూసుకున్నాడు. “ఎడం పక్క నువ్వు చెప్పినంతేనమ్మా.”

“మరి నా వరస?”

“మార్చాను.”

“ఎందుకు మామయ్యా?”

“రేపు మన బుజ్జిదాని బడి బస్సు ఆ కొండదారినే కదా పోవాలి...”

అధికారి నిట్టూర్చాడు. “మీ ప్రేమ అర్థమైంది పెద్దాయనా. కానీ ఈ పరీక్ష చెల్లదు.”

“చెల్లదనే ముందు బండినోసారి కాటా ఎక్కించండి సార్. లోడింకా దించలేదు.”

ఎక్కించారు. అధికారి అంకె చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి, ఎండలో నిగనిగలాడుతున్న ఆ నల్లటి వరసను చూస్తూ నిలబడిపోయాడు.

లారీలో రెట్టింపు బరువుంది.