మొదటి గేటు

లొరైన్ ట్రక్కు రెండో గేటు ముందు ఆగగానే అరుపులు ఆగిపోయాయి.

ఆవిడ దగ్గర పనిచేసే డారెల్‌కి భయం వేసేది అందుకే. యూనియన్ వాళ్ళు మిగతా అందరినీ పేరు పెట్టి మరీ తిడతారు. డారెల్‌ని అయితే వాళ్ళ తాత దగ్గర మొదలుపెడతారు. లొరైన్ దిగితే మాత్రం నినాదాలు రాసిన అట్టలు కిందికి దించి, ఎవరి బూట్లు వాళ్ళు చూసుకుంటారు. వాళ్ళ వెనక, గాలి నింపిన ఎలుక బొమ్మ రెండంతస్తుల ఎత్తున పళ్ళు బయటపెట్టి నిలబడి ఉంటుంది. లొరైన్‌లా యూనియన్ మనుషుల్ని పెట్టుకోని కంట్రాక్టరు ఎక్కడుంటే అది అక్కడికి వస్తుంది.

ఎలుక కాళ్ళ దగ్గర మడత కుర్చీలో కాజ్. పికెట్ కెప్టెన్, అంటే గేటు దగ్గర ధర్నా నడిపే పెద్ద. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. ఒళ్ళో నోట్‌బుక్. ఎన్నింటికి, ఎవరు, ఎవరి కోసం. మూడే గళ్ళు. నలభై ఏళ్ళలో ఒక్క గడి కూడా ఖాళీ వదల్లేదని ఆయనకి పేరు.

"వెనక ఎడమ టైరు చూసుకో అమ్మాయ్," అన్నాడు తల ఎత్తకుండానే. "దారిలో ఏదన్నా అయితే బాగుండదు."

"మీ దయ కెప్టెన్ గారూ," అంది లొరైన్.

"రాత్రి ఒంటిగంట దాకా నీ గదిలో లైటు వెలుగుతూనే ఉంది."

లొరైన్ హెల్మెట్ తీసి నెత్తిన పెట్టుకుంది.

"పొద్దున ఏమీ తినకుండా బయల్దేరావు. ఖాళీ కడుపుతో పరంజా ఎక్కినవాళ్ళు ఏమయ్యారో నేను చూశాను."

లోపలికి వెళ్ళాక డారెల్ ఉండబట్టలేకపోయాడు. అతను పనిలో చేరి రెండు నెలలే.

"ముసలాడు మీ ఇంటి మీద కన్నేశాడు బాస్. పోలీసులకి చెబుదాం."

"చెప్తే?"

"జైల్లో పడేస్తారు!"

"జైల్లో కాఫీ బాగుండదట," అంది లొరైన్. "నువ్వు పని చూడు. మనవాళ్ళకి మళ్ళీ చెప్పు. చచ్చినా మొదటి గేటు వైపు పోవద్దని."

ఆ సైటుకి రెండు గేట్లు. మొదటిది యూనియన్ కంపెనీలది. క్రేను వాళ్ళు, కరెంటు వాళ్ళు, కాంక్రీటు వాళ్ళు అటునుంచే వస్తారు. రెండోది లొరైన్‌ది. పికెట్ రెండో గేటు దగ్గరే చెయ్యాలి, అది చట్టం. కానీ లొరైన్ మనిషి గానీ, లొరైన్ కోసం ఒక్క మేకు గానీ మొదటి గేటులోంచి వెళ్ళిందా, అది కాజ్ నోట్‌బుక్‌లోకి ఎక్కిందా, పికెట్ మొదటి గేటుకీ వచ్చేస్తుంది. పికెట్ దాటి యూనియన్ వాడెవడూ లోపలికి రాడు. క్రేను ఆగుతుంది, సైటు ఆగుతుంది. సైటు ఆగిన పూటే లొరైన్‌ని పంపేస్తానని బిల్డరు ముందే చెప్పాడు. ఆవిడతోపాటు పదకొండు మంది. ఆ తర్వాత ఫిలడెల్ఫియాలో ఆవిడని కుక్కగూడు కట్టమని కూడా ఎవరూ పిలవరు.

"ఎవరో ఒకళ్ళు మర్చిపోతారు," అనేవాడు కాజ్ రోజూ. "నాకు ఓపిక ఎక్కువ."

గురువారం ముసురు పట్టింది. రెండో గేటు దగ్గర మోకాలి లోతు బురద. లొరైన్ అక్కడే నిలబడి పదకొండు మందినీ ఒక్కొక్కరిగా ఆ బురదలోంచే లోపలికి లాగింది. ఒకడి బూటు అక్కడే ఉండిపోయింది. అందరూ వచ్చేశాక అప్పుడు ఊపిరి పీల్చుకుంది. ఇంక మర్చిపోవడానికి బయట ఎవరూ మిగల్లేదు.

పదకొండున్నరకి కాజ్ కుర్చీలోంచి లేచాడు.

భోజనం వేళ కాకుండా ఆయన లేవడం ఎవరూ ఎరగరు. వీధి చివరికి ఒకసారి చూశాడు. గబగబా మొదటి గేటు వైపు నడిచాడు. నడక పరుగయింది. ఏం దొరికిందో అనుకుంటూ పికెట్‌లోని పదిమందీ ఆయన వెంటపడ్డారు.

"బాస్!" నాలుగో అంతస్తు నుంచి డారెల్ కేక. "ముసలాడు మొదటి గేటుకి పరిగెడుతున్నాడు!"

లొరైన్ రెండేసి మెట్లు దూకుతూ దిగింది.

మొదటి గేటు లోపల, ప్లాస్టిక్ వానకోటులో ఒక పెద్దావిడ. చంకలో తువ్వాలు చుట్టిన గిన్నె. క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి వండిన వాసన గేటంతా పరుచుకుంది.

"ఎవరికమ్మా అది?" కాపలావాడు రిజిస్టరు తెరిచాడు.

"లొరైన్‌కి నాయనా. పొద్దున ఏమీ తినలేదు."

"లొరైన్‌కా? ఆవిడ గేటు అటు కదమ్మా!"

"అటు పికెట్ నడుస్తోంది కదా, కనబడ్డం లేదూ?" పెద్దావిడకి కోపం వచ్చింది. "పికెట్ దాటి లోపలికి పోవడం మా ఇంటావంటా లేదు."

కాజ్ అప్పుడే చేరుకున్నాడు. రొప్పుతున్నాడు. ఆయన వెనక పదిమందీ ఆగారు. ఆ మాట అందరూ విన్నారు. ఎవరో దగ్గారు. పైన క్రేను ఇంకా తిరుగుతూనే ఉంది.

"రాయొద్దు," అంది లొరైన్. ఈసారి కెప్టెన్ గారూ అనలేదు.

కాజ్ వెనక్కి తిరిగి తన మనుషుల్ని చూశాడు. పదిమందీ బూట్ల వంక చూసుకుంటున్నారు.

కాజ్ నోట్‌బుక్ తడవకుండా కోటు అడ్డం పెట్టుకుని, ముందు టైము వేసి, 'ఎవరు' అన్న గడిలో తన భార్య పేరు, 'ఎవరి కోసం' అన్న గడిలో తన కూతురి పేరు రాసుకున్నాడు.