గబ్బిలాల లెవెలు

"ఒంటి మీద ఇనుము ఏదున్నా తీసి ఈ ట్రేలో పెట్టండి" అన్నాడు స్కానింగ్ టెక్నీషియన్.

ట్రేలో తమ్ముడి వాచీ, బెల్టు, తాళాలు అప్పటికే ఉన్నాయి. అక్క చెవులవీ చేతివీ తీసి వాటి పక్కన పెట్టింది. కాలరు వెనక నుంచి ఒక సూది బయటపడింది. జేబులోంచి నాలుగు గుండుసూదులు, ఒక పిన్నీసు.

టెక్నీషియన్ కళ్ళు పెద్దవి చేశాడు.

"బట్టలు కుడతాను" అందామె, తప్పు చేసినట్టుగా.

"ఇంకా ఏమైనా ఉన్నాయా? ఒంట్లో ప్లేట్లు, స్క్రూలు?"

"లేవండి."

జడలో ఒక పిన్ను మిగిలిపోయింది. జుట్టులో చిక్కుకుని ఎంతకీ ఊడిరాలేదు. తమ్ముడే లాగి ట్రేలో వేశాడు.

"చిన్నప్పుడు ఇలా జడ ముట్టుకుంటే వీపు పగలగొట్టేదానివి" అన్నాడు.

ఆమెకు నవ్వు రాలేదు. నాలుగు రోజుల కిందట డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు ఎత్తి చూస్తూ, "వెన్నెముక పక్కన ఏదో నీడలా ఉంది, స్కాన్ చేస్తేగానీ చెప్పలేం" అన్నాడు. అప్పటినుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు. నిన్న ఎవరిదో జాకెట్టుకు రెండూ ఎడమ చేతులే కుట్టింది.

"నాకు భయంగా ఉందిరా."

"తెలుసు. అందుకేగా ఇద్దరం లోపలే ఉంటామని ఆయన్ని బతిమాలింది. పద."

లోపల ఎముకలు కొరికే చలి. గది మధ్యలో యంత్రం గుండ్రంగా నోరు తెరుచుకుని ఉంది. చెవుల్లో దూది పెట్టారు. మందపాటి తలుపు దబ్బున మూసుకుంది. స్పీకరులోంచి టెక్నీషియన్ గొంతు వినిపించింది.

"చప్పుడు వస్తున్నంతసేపూ మాట్లాడొద్దు, కదలొద్దు. మధ్యలో ఆగుతుంది. అప్పుడు మాట్లాడుకోండి."

ఢక్ ఢక్ ఢక్ మంటూ మొదలైంది. ఎవరో నెత్తిమీద రేకులు పరిచి సుత్తితో కొడుతున్నట్టుంది. అక్క గట్టిగా కళ్ళు మూసుకుంది. తలుపు తోసుకుని పారిపోవాలనిపించింది. వెతుక్కుంటే తమ్ముడి చెయ్యి అందింది. పట్టుకుంది.

చప్పుడు ఆగింది.

"అక్కా, ఇది ఎక్కడో విన్నట్టు లేదూ?"

"ఎక్కడ?"

"లాంతరు తాత."

టీవీకి తగిలించి ఆడే ఆ వీడియో గేమ్ అసలు పేరేమిటో వాళ్ళకు ఎప్పుడూ తెలియదు. డబ్బా మీద ఏదో అర్థంకాని భాష ఉండేది. లాంతరు పట్టుకుని గుహలో దిగే గడ్డం బొమ్మకు వాళ్ళే ఆ పేరు పెట్టుకున్నారు. సెలవుల్లో మధ్యాహ్నాలు కిటికీలు మూసి, నేల మీద దిండ్లు వేసుకుని, గ్లాసెడు టీలో బిస్కెట్లు ముంచుకుంటూ ఆడేవాళ్ళు. క్యాసెట్ మొండికేస్తే తీసి ఉఫ్ఫున ఊదేది ఆమే. వాడికి ఏడేళ్ళు, ఆమెకు పదకొండు. మూడో లెవెల్లో గబ్బిలాలు వచ్చే ముందు ఇలాంటి చప్పుడే వచ్చేది. వెంటనే వాడు రిమోటు ఆమె ఒళ్ళో పడేసి, వీపు వెనక ముఖం దాచుకుని, "అయిపోయిందా, అయిపోయిందా" అని గొణిగేవాడు.

"నిచ్చెన దిగాక ఎటు వెళ్ళాలి?" అన్నాడు తమ్ముడు.

"ఎడమకి."

"ఎడమకి వెళ్తే గుంట కదా?"

"దూకాలి. దూకే ముందు లాంతరు ఆర్పాలి, లేకపోతే గబ్బిలాలు పసిగడతాయి."

"అయితే ఆర్పు. వస్తున్నాయి."

మళ్ళీ చప్పుడు. ఈసారి ఇంకా పెద్దగా. ఆమె మనసులోనే నిచ్చెన దిగింది. లాంతరు ఆర్పింది. దూకింది. ఒకసారి గుంటలో పడి మళ్ళీ మొదటినుంచి వచ్చింది. దారంతా గుర్తుంది, ఒక్క మలుపు కూడా మరిచిపోలేదు. మనసు కాస్త కుదుటపడింది.

అప్పుడు కళ్ళు తెరిచింది.

గాజు అద్దం అవతల టెక్నీషియన్ పక్కన ఇంకొకాయన నిలబడి ఉన్నాడు. ఇద్దరూ తెరమీదకి వంగి చూస్తున్నారు. ఆ రెండో ఆయన వేలితో ఒకచోట చూపించాడు. టెక్నీషియన్ తల ఊపాడు. మళ్ళీ అక్కడే చూపించాడు.

చప్పుడు ఆగీ ఆగగానే, "వాళ్ళేదో చూశార్రా" అంది.

"చూడ్డమే వాళ్ళ ఉద్యోగం."

"వేలు పెట్టి చూపిస్తున్నాడు. ఒక్కచోటే, రెండుసార్లు."

తమ్ముడు ఆమె వేళ్ళు నొక్కాడు. తర్వాత, "తాత ఎక్కడున్నాడు?" అన్నాడు.

"ఏ తాత?"

"లాంతరు తాత. గుంట దాటాడా?"

"దాటాడు" అంది. "ఏం కాదు కదరా?"

"ఏం కాదు. ఏడుస్తున్నావా?"

"లేదు."

"మరి చెయ్యెందుకలా వణుకుతోంది? ఇది ఒక్కటీ అయితే బయటికెళ్ళి టీ తాగుదాం. బిస్కెట్ సగం విరిగి అందులో పడాలి. స్పూను పెట్టి తీసుకోకూడదు."

"వేలితోనే తీయాలి" అంది ఆమె, ముక్కు ఎగబీల్చి.

ఆఖరిసారి మొదలైన చప్పుడు ఎంతకీ ఆగలేదు. ఆమెకు తాత కనిపించలేదు, గుహా కనిపించలేదు. గాజు అవతల ఆ వేలు ఒక్కటే కనిపిస్తూ ఉంది. చిన్నప్పుడు వాడు గొణిగినట్టే ఇప్పుడు ఆమె పెదవులు కదిలాయి. అయిపోయిందా, అయిపోయిందా.

అయిపోయింది. తలుపు తెరుచుకుంది.

"ఏమన్నా తెలిసిందాండీ?" అంది టెక్నీషియన్ని చూస్తూనే.

అతను చూపు కలపలేదు. "డాక్టరుగారు మాట్లాడతారు. ఇద్దరూ ఆయన గదికి వెళ్ళండి" అన్నాడు మెల్లగా.

అక్క భుజంతో కళ్ళు తుడుచుకుంది. పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు. అతను మీట నొక్కాడు. యంత్రం నోట్లోంచి బల్ల నెమ్మదిగా బయటికి జరిగింది.

దాని మీద పడుకుని ఉన్నది తమ్ముడు.