నవలకు పట్టిన దిగులు

“ఇదేం పోలిక!” అని పైకే అనేసింది రచయితగారి భార్య. చేతిలోని కాగితాన్ని బల్లమీద పడేసి, మనసొప్పక మళ్ళీ తీసుకుని చదివింది. ‘తీగమీద ఆరేసిన చొక్కా, మనిషి విడిచి వెళ్ళిన ఒళ్ళులా వేలాడుతోంది.’

అది డాబామీద ఇద్దరు ప్రేమికులు మొదటిసారి మాట్లాడుకునే ఘట్టం మరి!

పెళ్ళయిన నాటి నుంచీ ఆయన రాసిన ప్రతి పేజీకీ ఆవిడే మొదటి పాఠకురాలు. ఆయన నవలల్లో కోపిష్ఠి మామగారు పొంగబోయే పాలగిన్నెలా ఉండేవాడు. ప్రేమలో పడ్డ గుమాస్తా కొత్త చెప్పులు కరుస్తున్నవాడిలా నడిచేవాడు. చదువుతూ ఆవిడ పగలబడి నవ్వేది. ఈసారీ కథ నవ్వుల కథే, పోలికలు మాత్రం ఏడుస్తున్నాయి. ‘ఆమె నవ్వు ఎరువు తెచ్చుకున్న కోటులా వదులుగా ఉంది’ అట. ‘తెల్లవారడం ఎవరో జబ్బ పట్టుకుని లేపినట్టుంది’ అట.

కంటి ఆపరేషన్ అయ్యాక చదవడం, రాయడం డాక్టరు మాన్పించాడు. ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చిన కూతురు, ఆయన చెబుతుంటే టైపు చేసిపెడుతోంది. మూడో మనిషి ఉంటే ఆయనకు మాట పెగలదు కాబట్టి గది తలుపు వేసే ఉంటుంది. చూపు తగ్గిన మనిషి లోలోపల కుమిలిపోతున్నాడని ఆవిడకు గట్టి అనుమానం. బెంగతో ఆవిడకు కంటిమీద కునుకు లేదు.

భోజనాల దగ్గర కూతురితో అంది. “నాన్న పైకి జోకులేస్తున్నారు గానీ లోపల బాగాలేరే. నీకేం అనిపించట్లేదా?”

“అవి ఉత్త పోలికలమ్మా! నవలకి మూడ్ కావాలి కదా.” కూతురు నవ్వి, కంచంలో సగం అలాగే వదిలేసి లేచింది.

“ఆ టైపు పనితో నువ్వూ చిక్కి సగమయ్యావు.”

“నాకేం? బానే ఉన్నా.”

తల్లి గొంతు తగ్గించింది. “ఆయన నిద్రమాత్రల సీసా నీ దగ్గర దాచు. నా భయం నాది.”

కూతురు ఒక్క క్షణం తల్లి మొహంలోకి చూసి, సీసా అందుకుంది.

మర్నాడు మధ్యాహ్నం తలనొప్పిగా ఉంది, లేపొద్దని చెప్పి కూతురు మేడమీద తలుపేసుకుంది. ఇదే అదను అనుకుని తల్లి కాగితాలు పట్టుకుని భర్త గదిలోకి వెళ్ళింది.

“ఏవండీ, నిజం చెప్పండి. మీ మనసులో ఏముంది?”

“కాఫీ ఉంది. తెస్తావా?”

“వేళాకోళం చాలు! మీకేమైనా అయితే నేనేమైపోవాలి?” ఆవిడకు ఏడుపు తన్నుకొచ్చింది.

“నాకేమవుతుందే? వచ్చేవారం చదువుకోవచ్చన్నాడు డాక్టరు. నవల కూడా పరుగెడుతోంది.”

“ఎక్కడికి, శ్మశానానికా?” అంటూ ఆవిడ వరసగా చదివింది. చొక్కా, కోటు, తెల్లవారడం. ఆఖరికి నిన్నటి పేజీలోది: ‘మూసిన తలుపు అమ్మ ఒడిలా పిలుస్తోంది.’

ఆయన నల్లకళ్ళద్దాలు తీసేశాడు. మొహంలో నవ్వు లేదు.

“మళ్ళీ చదువు.”

చదివింది.

“వీటిలో ఒక్క పోలికా నేను చెప్పింది కాదు.”